లోయర్ ఈస్ట్ సైడ్: చూడటానికి వచ్చినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్ అయ్యాక ఒక పూట నాతో లోయర్ ఈస్ట్ సైడ్‌లో నడవాల్సిందే. "ఈ పాత ఇళ్ళు చూడటానికా ఇంత దూరం తీసుకొచ్చావు?" అని మొదట విసుక్కుంటారు. పది నిమిషాలయ్యాక ప్రశ్నలు మొదలవుతాయి. ప్రతిసారీ ఇంచుమించు అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. రాబోయేవాళ్ళు ముందే చదువుకుని వస్తే నాకూ కాస్త నోటి శ్రమ తగ్గుతుంది.

ఇంతకీ ఈ పేట ఎక్కడుంది?

మన్‌హాటన్ దీవి కింది భాగంలో, తూర్పు వైపు, ఈస్ట్ రివర్ ఒడ్డున. పడమర హద్దు బౌరీ అనే రోడ్డు, ఉత్తరాన హౌస్టన్ స్ట్రీట్. టెక్సస్‌లో ఉన్నది హ్యూస్టన్, ఇక్కడిది హౌస్టన్. తప్పుగా పలికితే కొత్తవాళ్ళని ఇట్టే పట్టేస్తారు.

పాతకాలంలో ఈ పేరు 14వ వీధి దాకా చెల్లేది. 1960లలో ఉత్తరం సగానికి ఈస్ట్ విలేజ్ అని కొత్త పేరు తగిలించారు. పడమర పక్కనున్న గ్రీనిచ్ విలేజ్‌కి మంచి పేరు ఉండేది, ఆ పేరుతో అద్దెలు పెంచుకోవచ్చని ఇళ్ళ వ్యాపారుల ఆలోచన. శంషాబాద్ దాటాక కూడా "హైటెక్ సిటీకి కూతవేటు దూరం" అని బోర్డు పెట్టే మనవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

జనం రాకముందు ఇక్కడ ఏముండేది?

మొదట ఇది లెనాపీ అనే ఆదివాసుల నేల. తర్వాత డచ్చివాళ్ళ పొలాలు, ఆ తర్వాత డిలాన్సీ అనే కుటుంబం భూములు. ఆర్చర్డ్ స్ట్రీట్ అంటే వాళ్ళ పండ్లతోట ఉన్న చోటన్నమాట. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జేమ్స్ డిలాన్సీ ఇంగ్లండు రాజు పక్షం పట్టాడు. గెలిచినవాళ్ళు భూమి జప్తు చేసి ముక్కలుగా అమ్మేశారు. తోట పోయింది, పేరు మిగిలింది. బషీర్‌బాగ్‌లో బాగ్ కోసం వెతికితే ఎంత దొరుకుతుందో ఇక్కడా అంతే.

ఎవరెవరు వచ్చారు? ఏ వరసలో?

వరస అని చెప్పడం సులువు కోసమే. నిజానికి ఒకరు పూర్తిగా పోయాక ఇంకొకరు రాలేదు. ఒకే మెట్ల మీద ఇద్దరు ముగ్గురు భాషలవాళ్ళు ఎదురుపడుతూనే ఉన్నారు.

1840ల నుంచి ఐర్లండ్ కరువు తప్పించుకుని ఐరిష్‌వాళ్ళు వచ్చారు. దాదాపు అదే సమయంలో జర్మన్లు పెద్ద ఎత్తున దిగారు. వాళ్ళ పేటని క్లైన్‌డాయిచ్‌లాండ్, అంటే చిన్న జర్మనీ, అనేవారు. 1881లో రష్యా జారు హత్య తర్వాత అక్కడ యూదుల మీద దాడులు మొదలయ్యాయి. అప్పటి నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షల మందికి పైగా యూదులు అమెరికా చేరారు. వాళ్ళలో చాలామందికి మొదటి మజిలీ ఈ పేటే. పడమర పక్కన మల్బరీ స్ట్రీట్‌లో ఇటాలియన్లు, ఉత్తరం వైపు పోలండ్, ఉక్రెయిన్‌వాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఏలుబడిలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్ళు. 1965 తర్వాత చైనావాళ్ళు, వాళ్ళలోనే 1980ల నుంచి ఫూజియన్ రాష్ట్రంవాళ్ళు. ఇప్పుడు నెలకి వేల డాలర్ల అద్దె కట్టగల కుర్ర ఉద్యోగులు.

నడుస్తున్నంత సేపూ నేను వచ్చినవాళ్ళకి చెప్పేది ఒకటే. ఎవరు వచ్చారన్నది బోర్డులు చూస్తే తెలిసిపోతుంది. ఎవరు తమంతట తాము లేచి వెళ్ళారు, ఎవర్ని లేపి పంపారు అన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

టెనెమెంట్ అంటే ఏమిటి? మన బొంబాయి చాల్ లాంటిదా?

టెనెమెంట్ అంటే పేదలకి వాటాలుగా అద్దెకిచ్చిన మేడ. చాల్‌తో బంధుత్వం ఉంది కానీ ఒకటి కాదు. చాల్‌లో గదుల ముందు పొడుగాటి వరండా ఉంటుంది, గాలి ఆడుతుంది, అందరూ అక్కడే కూర్చుంటారు. టెనెమెంట్‌లో ఆ వరండా ఉండదు.

ఇక్కడ ప్లాటు కొలత 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. మన లెక్కలో 280 గజాలకి కాస్త తక్కువ. అలాంటి ప్లాట్లలో పక్క గోడకి పక్క గోడ ఆనించి ఐదారు అంతస్తులు కట్టేశారు. అంతస్తుకి నాలుగు వాటాలు. ఆర్చర్డ్ స్ట్రీట్ 97వ నంబరు ఇంటిని 1863లో ఒక జర్మన్ దర్జీ కట్టించాడు. అందులో ఒక్కో వాటా 325 చదరపు అడుగులు, అంటే 36 గజాలు. ముందు గది, మధ్యలో వంటిల్లు, వెనక పడకగది. వీటిలో కిటికీ ఉన్నది ఒక్క గదికే. మిగతా రెండూ పగలు కూడా చీకటి. నీళ్ళు, మరుగుదొడ్లు పెరట్లో. ఐదో అంతస్తులో ఉన్న ఆడమనిషి నీళ్ళు, బొగ్గు, పసిబిడ్డ, అన్నీ మోసుకుంటూ ఆ మెట్లెక్కేది.

అద్దె గిట్టక ప్రతి కుటుంబం ఒకరిద్దరు బయటివాళ్ళని పెట్టుకునేది. వాళ్ళు వంటింట్లోనో, రెండు కుర్చీలు కలిపి దాని మీదో పడుకుని వారానికింత ఇచ్చేవారు. పగలయితే అదే గది కుట్టుపని కార్ఖానా. కాంట్రాక్టరు కత్తిరించిన గుడ్డల మూట తెచ్చుకుంటే ఒకరు మిషను తొక్కేవారు, ఒకరు గుండీలు కుట్టేవారు, ఒకరు ఇస్త్రీ చేసేవారు. ముక్కకింత కూలి. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇళ్ళలో బీడీలు చుట్టడం చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు: పని ఇంటికొస్తుంది, ఇంటి అద్దె, దీపం ఖర్చు పనివాళ్ళవి, లాభం కాంట్రాక్టరుది.

అంత కిక్కిరిసి ఉండేదా, లేక చెప్పుకోవడంలో పెరిగిందా?

పెరగలేదు. 1890ల మధ్యలో ఇక్కడి టెన్త్ వార్డులో ఎకరానికి 600 మందికి పైగా ఉండేవారు. ఎకరం 4840 గజాలు కదా, మనిషికి ఎనిమిది గజాలు. 1910 నాటికి పేట మొత్తంలో ఐదు లక్షల మందికి పైగా ఉన్నారు.

ఇంకో లెక్క చెబితే ఎవరూ నమ్మరు. మన్‌హాటన్ జనాభా 1910లో 23 లక్షలు దాటింది. 2020 లెక్కల్లో 17 లక్షల లోపే. ఈ ఆకాశహర్మ్యాలన్నీ చూసి జనం పెరిగి ఉంటారనుకుంటాం. ఇళ్ళు పైకి పెరిగాయి, మనిషికి వచ్చే చోటు అంతకంటే ఎక్కువ పెరిగింది, మనుషులు తగ్గారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదా?

చేసింది, మెల్లగా, సగం సగం. 1867 చట్టం మంటలొస్తే దిగడానికి బయట ఇనుప మెట్లు ఉండాలంది, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంది. 1879 చట్టం ప్రతి గదికీ కిటికీ ఉండాలంది. దాంతో ఇళ్ళ యజమానులు రెండు భవనాల మధ్య సన్నటి సందు వదిలి అందులోకి కిటికీలు పెట్టారు. చట్టం నెగ్గింది, గాలి మాత్రం రాలేదు. పై అంతస్తులవాళ్ళు చెత్త అందులోకే విసిరేవారు. నిప్పంటుకుంటే ఆ సందే పొగగొట్టంలా మంటని పైకి లాగేది. 1890లో జేకబ్ రీస్ అనే డెన్మార్క్ వలస విలేకరి ఫ్లాష్ వెలుతురులో తీసిన ఫోటోలు ఊళ్ళో పెద్దవాళ్ళ ముందుంచాక కదలిక వచ్చింది. 1901 చట్టం కొత్తగా కట్టే ఇళ్ళలో ప్రతి వాటాలో మరుగుదొడ్డి, సరైన వెలుతురు ఉండాలంది, పాత ఇళ్ళనీ కొంత మార్చమంది.

97వ నంబరు ఇంట్లో మధ్య గోడలకి కిటికీలు కనిపిస్తాయి. గదికీ గదికీ మధ్య కిటికీ ఏమిటని మా పిన్నత్త తెగ నవ్వింది. ముందు గది వెలుతురు లోపలి గదికి చేరడానికి పెట్టినవి అవి. కారణం చెప్పాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

1930లలో నియమాలు ఇంకా బిగిసేసరికి ఆ ఇంటి యజమాని మరమ్మతు ఖర్చు గిట్టదనుకున్నాడు. 1935లో పైన అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించి, కింద దుకాణాలు మాత్రం ఉంచుకుని, మేడంతా మూసేశాడు. యాభై ఏళ్ళకి పైగా ఎవరూ తలుపు తీయలేదు. 1988లో మ్యూజియం పెట్టాలని చోటు వెతుక్కుంటున్న ఇద్దరు మహిళలకి అది అలాగే దొరికింది. గోడల మీద పొరలు పొరలుగా వాల్‌పేపరు, నేల మీద ఒకదాని మీద ఒకటి లినోలియం. అదే ఇప్పటి టెనెమెంట్ మ్యూజియం. ఆ ఒక్క ఇంట్లో ఇరవైకి పైగా దేశాల నుంచి వచ్చిన ఏడు వేల మంది దాకా కాపురం ఉన్నారని అంచనా.

జర్మన్లు నిజంగా ఒక పడవ ప్రమాదం వల్లే వెళ్ళిపోయారా?

కథగా చెప్పుకోవడానికి బావుంటుంది కానీ పూర్తి నిజం కాదు. ప్రమాదం మాత్రం ఘోరమైనది. 1904 జూన్ 15న 6వ వీధిలోని సెయింట్ మార్క్స్ లూథరన్ చర్చివాళ్ళు జనరల్ స్లోకమ్ అనే స్టీమరులో పిక్నిక్‌కి బయల్దేరారు. పనిదినం కావడంతో ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలే. ఈస్ట్ రివర్‌లో నిప్పంటుకుంది. లైఫ్ జాకెట్లు పుచ్చిపోయి ఉన్నాయి, నీళ్ళ గొట్టాలు చిరిగిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒకే పేట, ఒకే చర్చి. చాలామంది తండ్రులు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ.

ఆ ఇంట్లో ఎవరుండగలరు? చాలామంది వెళ్ళిపోయారు. అయితే అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచే డబ్బున్న జర్మన్లు మన్‌హాటన్‌లోనే ఉత్తరాన ఉన్న యార్క్‌విల్ పేట వైపు మారుతూనే ఉన్నారు. పోతున్నవాళ్ళని ఆ విషాదం తొందరపెట్టింది. ఆ చర్చి 1940 నుంచి యూదుల ప్రార్థనా మందిరం. సెకండ్ అవెన్యూలో 1884 నాటి లైబ్రరీ ముఖద్వారం మీద మాత్రం "ఉచిత గ్రంథాలయం, పఠన మందిరం" అని జర్మన్‌లో చెక్కిన అక్షరాలు అలాగే ఉన్నాయి. లోపల ఇప్పటికీ పుస్తకాలే.

మరి అంతమంది యూదులు ఏమయ్యారు?

చాలామంది లేచి వెళ్ళినవాళ్ళే. 1903లో విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి, 1904లో సబ్‌వే, 1909లో మన్‌హాటన్ బ్రిడ్జి. వంతెన దాటితే బ్రూక్లిన్‌లో అదే అద్దెకి రెండు కిటికీల ఇల్లు. నాన్న కుట్టుపని, కొడుకు గుమాస్తా, మనవడు డాక్టరు అనే క్రమంలో ప్రతి మెట్టుకీ ఇల్లు కాస్త దూరం జరిగింది.

వెళ్ళడం ఎప్పుడూ ఉన్నదే. పేట ఖాళీ అయింది రావడం ఆగిపోవడం వల్ల. 1924 చట్టం దేశాల వారీగా కోటా పెట్టింది. 1890 జనాభా లెక్కల్లో ఏ దేశంవాళ్ళు ఎంతమంది ఉంటే అందులో రెండు శాతం. 1890 లెక్కే ఎందుకు? తూర్పు యూరప్ యూదులు, ఇటాలియన్లు పెద్ద సంఖ్యలో దిగింది ఆ తర్వాత కాబట్టి. ఇంగ్లండు, జర్మనీలకి ఎక్కువ, వీళ్ళకి వేళ్ళమీద లెక్కపెట్టేంత. ఆసియావాళ్ళకి దాదాపు తలుపే మూసేశారు. నీళ్ళొచ్చే కుళాయి కట్టేస్తే తొట్టి ఎంతసేపు నిండుగా ఉంటుంది? 1930కల్లా పేట జనాభా 1910లో ఉన్నదాంట్లో సగానికి పడిపోయింది.

మనకి సంబంధం లేదనుకోకండి. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పిచ్చింది 1923లోనే. 1946లో ఆ అడ్డు తీసి ఏడాదికి వంద మందిని రానిచ్చారు, మొత్తం ఇండియాకి వంద. 1965 చట్టంతో దేశాల కోటా పోయింది. ఆ తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. యూదులకి తలుపు మూసిన తాళమూ, మనకి తెరిచిన తాళమూ ఒకటే.

లోయిసైడా అని బోర్డు ఉంది, అదేం భాష?

లోయర్ ఈస్ట్ సైడ్ అనే మాటని ప్యూర్టోరికోవాళ్ళు తమ స్పానిష్ యాసలో పలికితే వచ్చిన పేరు. మన ఊళ్ళలో స్టేషన్‌ని టేసనని అన్నట్టే. 1974లో బింబో రివాస్ అనే కవి ఆ పేరుతో కవిత రాశాక స్థిరపడింది. అవెన్యూ సీకి ఇప్పుడది అధికారిక పేర్లలో ఒకటి.

ప్యూర్టోరికోవాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులే కాబట్టి వీసా గొడవ లేదు. యుద్ధం తర్వాత విమానాల్లో వచ్చారు. వాళ్ళ దురదృష్టం ఏమిటంటే, వాళ్ళొచ్చేసరికి కుట్టుపని కార్ఖానాలు, రేవు పనులు ఊరు విడిచి పోవడం మొదలైంది. మెట్లు అవే, కానీ పైకి తీసుకెళ్ళే మొదటి మెట్టు విరిగిపోయి ఉంది. "యూదులు పైకొచ్చారు, వీళ్ళెందుకు రాలేదు" అని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇది.

1970లలో ఇళ్ళు తగలబడ్డాయంటారు. ఎవరు తగలబెట్టారు?

కొన్ని యజమానులే, బీమా డబ్బు కోసం. కొన్ని చలికాలం ఖాళీ ఇంట్లో ఎవరో చలిమంట వేసుకుంటే అంటుకున్నవి. ఇంకొన్ని ఇళ్ళలో రాగి గొట్టాలు, ఇనుము దొంగలు ఊడబెరుక్కుపోయారు. బ్యాంకులు ఈ పేటకి అప్పివ్వడం మానేశాయి. అద్దెలు మరమ్మతుకి చాలక యజమానులు పన్ను కట్టకుండా వదిలేస్తే భవనాలు నగరపాలక సంస్థ చేతికి వచ్చాయి. 1975లో ఆ నగరమే దివాలా అంచున ఉంది. ఫైర్ స్టేషన్లు కూడా మూసేశారు. యజమాని ఏ రంగువాడైనా లెక్క ఒకటే: ఇల్లు నిలబెట్టడం కంటే కూలిపోనివ్వడం లాభం.

మిగిలినవాళ్ళు ఊరుకోలేదు. 1973లో లిజ్ క్రిస్టీ, ఆవిడ స్నేహితులు బౌరీ, హౌస్టన్ మూలలో చెత్త దిబ్బని తోట చేశారు. అది చూసి పేట అంతా తోటలు. కూలిన ఇంటి స్థలంలో టమాటాలు, మిరపలు, ప్యూర్టోరికో పద్ధతి చెక్క గుడిసె, దాని ముందు డామినోలు ఆడే ముసలివాళ్ళు. పాడుబడ్డ భవనాల్లోకి కొందరు చొరబడి సొంతంగా పైపులు, కరెంటు వేసుకుని కాపురం పెట్టారు. 2002లో అలాంటి పదకొండు భవనాలని నగరం ఒక లాభాపేక్ష లేని సంస్థకి డాలరుకి ఒకటి చొప్పున ఇచ్చింది, అందులో ఉంటున్నవాళ్ళు సహకార పద్ధతిలో సొంతదారులు కావడానికి.

అయితే తోటలు పేటకి అందం తెచ్చాక ఆ నేలకి ధర వచ్చింది. 1990ల చివర్లో నగరం తోటల్ని వేలం వేయబోయింది. 1999లో నటి బెట్ మిడ్లర్ పెట్టిన సంస్థ, ఇంకొక సంస్థ కలిసి ఊరంతటా వందకు పైగా తోటలు కొని నిలబెట్టాయి. తోటలో కూర్చుని చదువుకుంటున్న కుర్రాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

ఎసెక్స్ స్ట్రీట్ దగ్గర అన్నీ కొత్త భవనాలే ఎందుకున్నాయి?

ఇది నాకు కోపం తెప్పించే ప్రశ్న. 1967లో పాత ఇళ్ళు తీసేసి కొత్తవి కడతామని నగరం ఇక్కడ కొన్ని వీధులు నేలమట్టం చేసింది. 1800 కుటుంబాల దాకా ఖాళీ చేశాయి, ఎక్కువ మంది ప్యూర్టోరికోవాళ్ళు. కొత్త ఇళ్ళు కట్టాక మీకే ముందు ఇస్తామన్నారు. ఆ స్థలంలో ఎక్కువ భాగం నలభై ఏళ్ళకి పైగా కార్ల పార్కింగుగా పడి ఉంది. ఎవరికి ఎన్ని ఇళ్ళు అనే తగువు. తక్కువ అద్దె ఇళ్ళు వస్తే పేట మళ్ళీ పేదది అవుతుందని ఒక పక్షం, మాకు మాట ఇచ్చారని ఒక పక్షం.

2012లో చివరికి పథకం ఆమోదం పొందింది. పేరు ఎసెక్స్ క్రాసింగ్. వెయ్యికి పైగా ఇళ్ళు, అందులో సగం మామూలు ఆదాయాలవాళ్ళకి. 1967లో ఖాళీ చేసినవాళ్ళకి ప్రాధాన్యం ఇచ్చారు. కొందరు నిజంగానే తిరిగొచ్చారు, పిల్లలతో కదిలి వెళ్ళినవాళ్ళు మునిమనవల వయసులో. మన దగ్గర ప్రాజెక్టు కింద ఊళ్ళు పోయి పునరావాసం కోసం తిరిగినవాళ్ళకి ఈ నలభై ఏళ్ళు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఎసెక్స్ మార్కెట్ కథా ఇక్కడే. 1940లో మేయర్ లా గార్డియా వీధుల్లో తోపుడు బళ్ళు తీసేయించి వాళ్ళని ఒక కప్పు కిందికి చేర్చాడు. 2019లో అది వీధి దాటి కొత్త భవనంలోకి మారింది.

చైనాటౌన్ దీంట్లో భాగమా?

హద్దు గీయలేం. 1882 నుంచి 1943 దాకా చైనా కూలీలకి అమెరికాలో ప్రవేశం నిషేధం, అందుకని పాత చైనాటౌన్ మగవాళ్ళ పేట. 1965 తర్వాత కుటుంబాలు వచ్చాయి, పేట తూర్పుకి పాకింది. యూదుల కుట్టుమిషన్ల స్థానంలో చైనా ఆడవాళ్ళ కుట్టుమిషన్లు వచ్చాయి. 1982లో కాంట్రాక్టు కోసం 20,000 మంది దాకా సమ్మెకి దిగారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. భాష రాదు, యూనియన్ తెలియదు అనుకున్న యజమానులు కొద్ది రోజుల్లోనే దిగొచ్చారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత రోడ్లు మూసేయడంతో అప్పటికే సన్నగిల్లుతున్న ఆ కార్ఖానాలు మరి లేవలేదు.

ఒక్క భవనం చూపించి ఈ కథంతా చెప్పాలంటే ఈస్ట్ బ్రాడ్‌వేలో ఫార్వర్డ్ పత్రిక భవనం ముందు నిలబెడతాను. 1912లో కట్టిన పదంతస్తుల మేడ. తూర్పు యూరప్ యూదుల యిడ్డిష్ భాషలో సోషలిస్టు పత్రిక, ముఖద్వారం మీద మార్క్స్, ఏంగెల్స్ బొమ్మలు. 1970లలో పత్రిక వెళ్ళిపోయాక చైనీస్ చర్చి వాళ్ళు కొన్నారు. తర్వాత ఖరీదైన అపార్ట్‌మెంట్లయ్యాయి. మార్క్స్ ఇంకా పైనుంచి చూస్తూనే ఉన్నాడు, కింద ఎవరు కారు దిగుతున్నారో.

ఇక్కడ మన ఇండియావాళ్ళు ఉండేవాళ్ళా?

ఈస్ట్ 6వ వీధిలో 1960ల చివర్నుంచి వరసగా "ఇండియన్" హోటళ్ళు వెలిశాయి. నడిపింది ఎక్కువగా సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీ ముస్లింలు, ఇప్పటి బంగ్లాదేశ్‌వాళ్ళు. అన్నిటికీ వెనక వంటిల్లు ఒకటేనని న్యూయార్క్‌లో పాత జోకు. ఇప్పుడు కొన్నే మిగిలాయి.

తెలుగువాళ్ళకి ఇలాంటి పేట ఉందా?

అమెరికాలో లేదు. మనవాళ్ళు చదువుతో, ఉద్యోగం కాగితంతో వచ్చారు. విమానం దిగి కిక్కిరిసిన పేటలో పదేళ్ళు గడపాల్సిన అవసరం పడలేదు, నేరుగా సబర్బు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నలుగురు ఒక రెండు బెడ్‌రూముల ఇంట్లో సర్దుకోవడం టెనెమెంట్‌కి దగ్గరే అనిపిస్తుంది కానీ రెండేళ్ళలో అది ముగుస్తుంది.

మన అసలు టెనెమెంట్ కథ బొంబాయిలో ఉంది. నిజాం రాజ్యం తెలంగాణ నుంచి వెళ్ళి రోడ్లు, మేడలు కట్టిన కూలీలని కామాఠీలనేవారు. వాళ్ళ పేరు మీదే కామాఠీపురా. వాళ్ళు కట్టిన నగరం ఆ పేరుని తర్వాత వేరే దేనికో వాడుకుంది. బట్టల మిల్లుల్లో, వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో పద్మశాలీలు తరాలు గడిపారు. 1982లో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లు సమ్మె, మిల్లుల మూత, తర్వాత ఆ నేల మీద మాల్స్. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోటే ఫీనిక్స్ మాల్. న్యూయార్క్‌లో చైనా ఆడవాళ్ళు సమ్మె గెలిచిన సంవత్సరమే మనవాళ్ళ సమ్మె మొదలైంది. రెండు చోట్లా మిషన్లు ఆగిపోయాయి, గెలిచినవాళ్ళవీ ఓడినవాళ్ళవీ.

ఇప్పుడు పేదవాళ్ళెవరూ లేరా?

ఉన్నారు. నదివైపు ఎర్ర ఇటుక మేడలన్నీ ప్రభుత్వ గృహాలే. అమెరికాలో మొట్టమొదటి నగరపాలక గృహాలు 1935లో ఇక్కడే, అవెన్యూ ఏ దగ్గర తెరిచారు. పాత ఇళ్ళలో అద్దె నియంత్రణ కింద ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపులు, ఒకరి అద్దె ఇంకొకరి అద్దెలో మూడో వంతు. తక్కువ అద్దె కట్టే ముసలావిడ వెళ్ళిపోతే బావుండునని యజమాని ఎదురుచూపు, అందుకే చలికాలం హీటరు చెడిపోతే ఎంతకీ బాగుపడదు. లేపి పంపడానికి ఇప్పుడు బుల్‌డోజరు అక్కర్లేదు.

కొత్తవాళ్ళని తిట్టడం నాకిష్టం లేదు. జర్మన్లు యూదుల్ని, యూదులు ప్యూర్టోరికోవాళ్ళని, అందరూ కలిసి ఇప్పటి కుర్రాళ్ళని "పేట పాడు చేశారు" అన్నవాళ్ళే. అద్దె నిర్ణయించేది ఆ కుర్రాళ్ళు కాదు. 2008లో ఇక్కడ మేడల ఎత్తుకి పరిమితి పెట్టినప్పుడు చైనాటౌన్‌ని, నది ఒడ్డుని వదిలేశారు. ఇప్పుడు మన్‌హాటన్ బ్రిడ్జి పక్కన 800 అడుగులు దాటిన గాజు మేడ కనిపిస్తుందే, అది అలా మిగిల్చిన వైపే ఉంది. అంతకు ముందు ఆ స్థలంలో పేటవాళ్ళు సరుకులు కొనుక్కునే సూపర్‌మార్కెట్ ఉండేది.

ఒక్క పూటలో ఏం చూడాలి?

టెనెమెంట్ మ్యూజియం టికెట్టు ముందే కొనండి, గైడుతోనే లోపలికి పంపుతారు. అక్కడి నుంచి ఎల్‌డ్రిడ్జ్ స్ట్రీట్‌లో 1887 నాటి యూదు మందిరం. చుట్టూ చైనీస్ బోర్డులు, మధ్యలో అది. తర్వాత ఫార్వర్డ్ భవనం, ఎసెక్స్ మార్కెట్. ఓపికుంటే టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో స్లోకమ్ పిల్లల జ్ఞాపక ఫౌంటెన్. బూట్లు వేసుకురండి, చెప్పులతో మా బావ పడ్డ పాట్లు చాలు.

శాకాహారులకి తినడానికేమైనా దొరుకుతుందా?

హౌస్టన్ స్ట్రీట్‌లో 1910 నుంచీ ఉన్న దుకాణంలో క్నిష్ తినండి. పల్చటి పిండి పొరలో ఉడికించి మెదిపిన బంగాళాదుంప పెట్టి కాల్చింది. మన ఆలూ బోండాకి దూరపు చుట్టం, నూనెలో వేయలేదంతే. ఉప్పూ కారం చాలవు, ఆవ పేస్టు అడగండి. యూదుల పద్ధతిలో పాలు, మాంసం కలవవు కాబట్టి "డెయిరీ" అని రాసి ఉన్న కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) చోట మాంసం ఉండదు. కానీ చేప ఉండొచ్చు, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆర్డర్ ఇచ్చేముందు ఒకసారి అడగండి.